ఎదుటివారి మాట ముందు, నీ మాట తర్వాత

ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే చాలాకాలం "టీవీలో" అని చెప్పి ఊరుకునేదాన్ని. వెంటనే "ఏ సీరియల్?" అనేవారు. సీరియల్ కాదండీ, చర్చా కార్యక్రమం అంటే జాలిపడేవారు. మాకు పాలు పోసే ఆయన అయితే ఒకసారి నిజంగానే బాధపడ్డాడు. "గంత మెత్తటి గొంతుతోని ఎట్ల నెట్టుకొస్తున్నవమ్మా?" అని.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల కొట్టు పైన రెండు గదులు మాకు ఆఫీసు, స్టూడియో. మొదట్లో మాది ఆ చుట్టుపక్కల కాలనీలకే వచ్చే కేబుల్ ఛానల్. తర్వాత జనం ఫోన్లలో చూడడం మొదలుపెట్టాక మేమూ ఫోన్లలోకి వెళ్లాం. వారానికి ఒక చర్చ. పేరు 'ఎదుటి మాట'. నడిపేది నేను. మనిషికి ఎంత స్వేచ్ఛ ఉండాలి, సర్కారు చేయాల్సింది ఏది, బజారుకు వదిలేయాల్సింది ఏది, ఆచారానికీ తర్కానికీ గొడవ వస్తే ఎటు నిలబడాలి, ఇలాంటివే మా విషయాలు. నిరుడు పని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు కొంచెమైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. జీతం, హోదా సంగతులు ఇందులో ఉండవు. అవి అన్ని ఉద్యోగాల్లోనూ ఒక్కలాగే ఉంటాయి.

అన్నం దగ్గర చదువు

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఎక్కువ. నాన్నగారు గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి సరూర్‌నగర్‌లో ఇల్లు తీసుకున్నారు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, దీపం పెట్టి, నాకు పాఠం చెప్పేవారు. పెద్దయ్యాక ఇంట్లోంచే పరీక్షలు రాసి డిగ్రీ తెచ్చుకున్నాను. నా అసలు చదువు మాత్రం అన్నం కంచం దగ్గర జరిగింది.

కాకరకాయ కూర నాకు వద్దు. అమ్మ తినాల్సిందే అంటుంది. నాన్నగారు ఒక షరతు పెట్టేవారు. "అమ్మ ఎందుకు తినమంటోందో ముందు నువ్వు చెప్పు. 'నేనన్నది అదే' అని అమ్మ ఒప్పుకుంటే, అప్పుడు నీ వాదన వింటాను." పెద్దలు దీన్ని పూర్వపక్షం అన్నారని తర్వాత చెప్పారు. ఎదుటివాడి వాదాన్ని వాడే మెచ్చేలా చెప్పలేనివాడికి దాన్ని ఖండించే హక్కు లేదట. చాలాసార్లు అమ్మ వాదన చెబుతూ చెబుతూనే ముద్ద గొంతు దిగిపోయేది. కొన్నిసార్లు అమ్మే మెత్తబడి "పోనీలే, ఇవాళ్టికి పెరుగు వేసుకో" అనేది. ఆ కంచం పెట్టిన భిక్షతోనే ఇన్నేళ్లు బతికాను. అమ్మానాన్నలకు రోజూ మనసులో దండం పెట్టుకుంటాను.

నాస్తికుడి ఆఫీసులో రాముడు

మా ఛానల్ యజమాని విశ్వనాథం గారు. పేరులో దేవుణ్ణి పెట్టుకుని దేవుడు లేడని వాదించే మనిషి. తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన టీ. ఉద్యోగం కోసం వెళ్లినప్పుడు నా సర్టిఫికెట్ల వైపు చూడనే లేదు. నా నుదుటి కుంకుమ మాత్రం చూశారు.

"దేవుడు లేడని నేనంటాను. ఎందుకంటానో నువ్వు చెప్పు" అన్నారు.

నాకు తెలిసింది చెప్పాను. లోకంలో ఇంత బాధ ఉండగా దయామయుడు ఉన్నాడంటే నమ్మబుద్ధి కాదని, తెలియనిదానికల్లా దేవుడని పేరు పెడితే తెలుసుకోవడం ఆగిపోతుందని, దేవుడి పేరు చెప్పి మనుషుల మీద పెత్తనం చేసేవాళ్లను చూసి చూసి విసిగిపోయానని, ఆయన గొంతుతోనే చెప్పినట్టు చెప్పాను.

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "నాకంటే బాగా చెప్పావు. మరి నమ్మకం కుదిరిందా?"

"లేదండీ."

"రేపటి నుంచి రా."

చేరిన కొత్తలో నా బల్ల మీద చిన్న రాముడి పటం పెట్టుకున్నాను. చర్చకు వచ్చిన ఒక పెద్దమనిషి అది చూసి "హేతువాది ఆఫీసులో ఇదేం గోల విశ్వనాథం?" అన్నాడు. ఈయన తలెత్తకుండానే "ఆ బల్ల ఆవిడది" అన్నారు. అంతే. ఆ మాటతో ఏనుగెక్కినంత సంబరం అయింది నాకు. వారం తిరక్కుండానే, కార్యక్రమం ఒక శ్లోకంతో మొదలుపెడదామా అని అడిగేశాను. "వద్దమ్మా. అది చూసేవాళ్లందరి బల్ల. అక్కడ నీ దేవుడూ వద్దు, నా లేని దేవుడూ వద్దు" అన్నారు. రెండు రోజులు ముభావంగా ఉన్నాను. తర్వాత ఆలోచిస్తే, రెండుసార్లూ ఆయన చెప్పింది ఒకే మాట. నన్ను కాపాడినప్పుడు తియ్యగా ఉంది, నన్ను ఆపినప్పుడు చేదుగా ఉంది. స్వేచ్ఛ గురించి నాకు తెలిసిందంతా ఆ వారంలోనే తెలిసింది.

బజారు గురించి కూడా ఆయనకు ఒక మాట ఉండేది. "బేరం కుదరకపోతే లేచి వెళ్లిపోగలిగితే అది బజారు. లేవనివ్వకపోతే అది దర్బారు."

విపణికి బస్సుందా?

ఒకసారి పండ్ల మార్కెట్ మీద చర్చ పెట్టాం. ఒక అర్థశాస్త్రం ప్రొఫెసర్‌ను పిలిచాం. మంచి మనిషి, నిజంగా చదువుకున్నవాడు. 'స్వేచ్ఛా విపణి' గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. నేను వినయంగా తల ఊపుతూ కూర్చున్నాను. ఇంతలో పండ్ల మార్కెట్ ఉన్న బాటసింగారం నుంచి ఒకాయన ఫోన్.

"మేడం, సారు చెప్తున్న గా విపణికి ఎల్‌బీ నగర్ నుంచి బస్సుందా?"

"అంటే… అది ఊరు కాదండీ—"

"తెల్సు మేడం, మజాక్ చేసిన. గంట సంది ఇంటున్న, ఒక్క మామిడిపండు పేరన్న ఎత్తలే, అందుకని."

ప్రొఫెసర్ గారే అందరికంటే ఎక్కువ నవ్వారు. తర్వాత ఆయన "సరే, ఒక రైతు బుట్టతో వచ్చాడనుకోండి, కొనేవాడు ఒక్కడే ఉన్నాడనుకోండి" అని మొదలుపెట్టి, గంటలో చెప్పలేనిది ఐదు నిమిషాల్లో చెప్పారు. అప్పటి నుంచి నాకొక అలవాటు వచ్చింది. అతిథి నోట పెద్దమాట రాగానే "ఎవరికండీ? ఎక్కడ?" అని అడగడం. మీరూ చేసుకోండి. దానికి గొంతు పెద్దది కానక్కర్లేదు.

ఇంకో సంగతి నిర్మొహమాటంగా చెబుతాను. స్వేచ్ఛ గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, కిందికి దిగాక తన డ్రైవర్‌ను "ఒరేయ్" అని పిలిచినవాళ్లను చూశాను. భక్తి గురించి చెబుతూ కళ్లు చెమర్చి, పక్కవాడి మైకు లాక్కున్నవాళ్లనూ చూశాను. ఏ పక్షమైనా మనిషి మనిషే. అరిచేవాడితో పెద్ద ప్రమాదం లేదు, అలిసిపోతాడు. నవ్వుతూ ఎదుటివాణ్ణి చిన్నచేసేవాడితోనే జాగ్రత్త.

ఎనిమిది గంటల గేటు

ఇన్నేళ్లలో నాకు మరపురానిది ఒకటుంది. అది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో ఇంటికొక ఆడపిల్లల హాస్టల్ ఉంటుంది. కోచింగ్‌కు వచ్చేవాళ్లు, చిన్న ఉద్యోగాలు చేసేవాళ్లు. అలాంటి ఒక గల్లీలో పద్మమ్మ అని నల్లగొండ వైపు ఆవిడ ఒక ఇల్లు కిరాయికి తీసుకుని హాస్టల్ నడిపేది. ఆ గల్లీ హాస్టల్ యజమానులంతా కూడి, అందరూ ఎనిమిదికే గేటు మూయాలని కట్టుబాటు చేసుకున్నారు. పద్మమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. ఆవిడ గేటు తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. కారణం ఆమె హాస్టల్లో ఉన్న స్వప్న అనే అమ్మాయి. ఎల్‌బీ నగర్‌లో ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. డ్యూటీ తొమ్మిదికి దిగుతుంది. ఎనిమిదికి గేటు పడితే ఆ ఉద్యోగం వదులుకోవాలి. వదులుకుంటే ఊరికి తిరిగి వెళ్లడమే.

యజమానుల సంఘానికి పెద్ద సత్తిరెడ్డి గారు. పద్మమ్మ హాస్టల్‌కు ఎదురుగానే ఆయన హాస్టల్. సంఘం మాట కాదంటే పద్మమ్మకు ఇల్లు మళ్లీ కిరాయికి ఇవ్వొద్దని ఆయన ఆవిడ ఇంటి ఓనర్‌తో చెప్పారు. ఓనర్ సరేనన్నాడు.

పద్మమ్మ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. "అమ్మా, ఆయన్ని జర టీవీల కడిగెయ్యుండ్రి" అంది.

"కడగడం మా పని కాదండీ. ఆయన్ని కూడా పిలుస్తాను. మీరిద్దరూ కూర్చోవాలి."

సత్తిరెడ్డి గారింటికి నేనే వెళ్లాను. టీ ఇచ్చారు, మర్యాదగా మాట్లాడారు. మా నియమం చెప్పాను. మీ మాటను ఆవిడ చెప్పాలి, మీరు 'అదే' అనాలి. తర్వాత ఆవిడ మాటను మీరు చెప్పాలి, ఆవిడ 'అదే' అనాలి. అప్పుడే వాదన మొదలవుతుంది.

"గిదేం ఆట మేడం? ఆమె మాట నేనెందుకు చెప్తా?"

"ఆవిడ మాట మీకు తెలుసు కదండీ?"

"తెల్వకేం! నాకు కంఠతా వచ్చు" అన్నారు. అందుకే ఒప్పుకున్నారు.

దాచడం ఎందుకు, నా మనసు సత్తిరెడ్డి గారి వైపే ఉంది. సంధ్యాదీపం పెట్టాక ఆడపిల్ల ఇంట్లో ఉండాలనే ఇంట్లో పెరిగినదాన్ని. నాకే కూతురు ఉంటే ఎనిమిది గంటల హాస్టల్లోనే వేసేదాన్ని. చర్చ నడిపేవాళ్లకు అభిప్రాయం ఉండకూడదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉంటుంది. దాన్ని పక్కన కూర్చోబెట్టి మన పని మనం చేసుకోవాలి.

ఆదివారం పొద్దున సరూర్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టాం. నేరుగా ప్రసారం. గల్లీ జనమంతా వచ్చారు. ముందు వరసలో ఇంటి ఓనర్. ఆఖరి వరసలో స్వప్న. విశ్వనాథం గారు హాలు బయట వ్యాన్‌లో కూర్చుని, నా చెవిలోని ఇయర్‌ఫోన్‌లో మాట్లాడుతున్నారు.

సత్తిరెడ్డి గారు క్లుప్తంగా చెప్పారు. "గల్లీ అంటే ఇల్లసొంటిది. అందరం ఒక టైముకు గేటేస్తం. ఒక్కామె తీసి పెడితే రేపు ఏమన్నైతే గల్లీ మొత్తానికి చెడ్డ పేరొస్తది."

ఇప్పుడు పద్మమ్మ ఆ మాటను తిరిగి చెప్పాలి. ఆవిడ కొంగు సర్దుకుని మొదలుపెట్టింది.

"అన్న ఏమంటున్నడంటే… గీ పిల్లలు మనకు పుట్టినోళ్లు కారు, మనల్ని నమ్మి అప్పజెప్పినోళ్లు. ఒక నాయిన బస్సు దిగి, ట్రంకుపెట్టె మోసుకొచ్చి, 'అన్నా, ఇగ నువ్వే చూస్కోవాలె' అని చెయ్యి పట్టుకుని పోతడు. గా చెయ్యి యాదికొస్తే అన్నకు కంటిమీద కునుకు రాదు. నా గేటు తెరిచుంటే, తన గేటే తెరిచున్నట్టు దడ. పేరు కోసం కాదు, గా దడ కోసం అడుగుతున్నడు." ఆయన వైపు తిరిగింది. "అంతేనా అన్నా?"

సత్తిరెడ్డి గారు కళ్లజోడు తీశారు. "అదే… నేను గింత మంచిగ చెప్పలే."

హాలంతా చప్పట్లు. ఇంటి ఓనర్ కూడా కొట్టాడు. ఆఖరి వరసలో స్వప్న తల దించుకుంది. పద్మమ్మ తన బలమంతా తీసుకెళ్లి అవతలి తక్కెడలో వేసింది, వేయమన్నది నా నియమమే. విశ్వనాథం గారి గొంతు చెవిలో వినిపించింది. "ఆపకు. ఆయన వంతు రానీ."

ఆయన వంతు వచ్చింది. జేబులోంచి ఒక చీటీ తీశారు. అల్లుడు రాసిచ్చాడట. "పద్మమ్మ ఏమంటుందంటే, మహిళా సాధికారత, రాజ్యాంగంల హక్కులు—"

"కాదన్నా" అంది పద్మమ్మ. "నేనట్ల అనలే. నాకు గవన్నీ తెల్వయి కూడా."

జనం నవ్వారు. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. "సరే. కాలం మారింది, పిల్లలు తిరగాలె, మనం ఆపొద్దు అంటవ్."

"కాదన్నా. మా పిల్లలు తిరగరు, డ్యూటీకి పోతరు."

"మరి… నీ హాస్టల్ నిండాలె, నీ యాపారం నడవాలె. గంతే కదా?"

"యాపారం నడవాలె, నిజమే. మీది నడవొద్దా? కానీ నేనడిగేది అది కాదు."

ఆయన నా వైపు చూశారు, ఇంక నువ్వే గట్టెక్కించు అన్నట్టు. కెమెరా తిరుగుతూనే ఉంది. హాల్లో కుర్చీల చప్పుడు తప్ప మాట లేదు. ఇలాంటప్పుడు నడిపేవాళ్లకు నాలుక దురద పెడుతుంది. ఏదో ఒకటి అనేసి, ప్రకటనలకు పంపేసి, తప్పించుకోవాలనిపిస్తుంది. నేను మనసులో రామనామం అనుకుంటూ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

చివరికి ఆయన పద్మమ్మ వైపు తిరిగి, కొంచెం కోపంగా, కొంచెం నిజంగానే అడిగారు.

"మరేంది?"

నాకు తెలిసి, అన్ని నెలల గొడవలో ఆ గల్లీలో ఆవిడను ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది.

"అన్నా, మీరు ఎనిమిదికి గేటేస్తరు. పిల్లల్ని మంచిగనే చూస్కుంటరు. నేనెన్నడన్న ఏమన్న అన్ననా? ఏ తండ్రికి ఎనిమిది కావాలెనో, మీ కాడికొస్తడు. స్వప్నకు తొమ్మిదిన్నర కావాలె, నా కాడికొచ్చింది. వాళ్ల నాయినకు ఎరికే, ఆయనే తోలిండు. మీ గేటు తీయమంటలేను. నా గేటు నన్ను ఏసుకోనియ్యుమంటున్న."

"అంటే…" ఆయన నెమ్మదిగా కూడబలుక్కున్నారు. "నాది తప్పని నువ్వంటలేవు."

"అంటలే."

"నన్ను మారుమంటలేవు."

"అంటలే."

"నిన్ను మార్చొద్దంటున్నవ్."

"అదే అన్నా."

నియమం పూర్తయింది. ఇప్పుడు వాదన మొదలుకావాలి. కానీ ఆయన వాదించలేదు. ఆయనకు ఇంకో అనుమానం వచ్చింది. "మరి గా పిల్ల మెట్రో కాడి నుంచి ఎట్లొస్తది? చీకటి గల్లీ కదా."

"నేనే పోయి తెచ్చుకుంటున్న. రోజూ."

"గీ మాట ఇన్ని రోజులు చెప్పకపోతివి?"

"మీరు అడగకపోతిరి."

హాలు మళ్లీ నవ్వింది. ఈసారి సత్తిరెడ్డి గారు కూడా నవ్వారు, కొంచెం కష్టంగా. మైకు తీసుకుని, ఓనర్ వైపు చూస్తూ, నేను ఇప్పటికీ మరచిపోని మాట అన్నారు.

"నాకైతే ఇది నచ్చలే. ఇప్పటికీ నచ్చుతలేదు. కానీ నచ్చకపోవుడు నా సంగతి. దానికోసం ఆమె ఇల్లు ఖాళీ చేయించుడు మంచిగ లేదు. నేను చెప్పిన మాట వాపస్ తీసుకుంటున్న."

నా చెవిలో విశ్వనాథం గారు ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

మా ఇంట్లో మడి కట్టుకుంటాను. పక్కింటివాళ్లు కట్టుకోరు. వాళ్ల గిన్నె నా వంటింట్లోకి రాదు, నా మడి వాళ్ల గడప దాటదు. ఇరవై ఏళ్ల స్నేహం మాది. ఆ సంగతిని తత్వంగా ఎప్పుడూ అనుకోలేదు. ఆ ఆదివారం అనుకున్నాను.

తర్వాత

పద్మమ్మకు మళ్లీ ఇల్లు ఇచ్చారు. స్వప్న ఆ ఉద్యోగంలోనే ఉండి, పై చదువు కూడా చదివింది. సత్తిరెడ్డి గారు కొద్ది రోజులకే తన హాస్టల్ ముందు పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించారు: 'గేటు రాత్రి ఎనిమిదికి. ఒక్క నిమిషం కూడా ఆగదు.' దాన్ని చూసి పద్మమ్మ ఎదురుగా తనదీ రాయించింది: 'తొమ్మిదిన్నర వరకు. మెట్రో దగ్గరికి మేమే వస్తాం.' ఆయన హాస్టల్ కూడా నిండింది. అలాంటి గేటే కావాలనుకునే తండ్రులు ఎంతమంది ఉన్నారో ఆయనకే అప్పటిదాకా తెలియదు. నెమ్మదిగా గల్లీలో ప్రతి హాస్టల్‌కూ ఒక బోర్డు వచ్చింది. ఏ సర్కారూ పెట్టమనలేదు.

చర్చల వల్ల లోకం మారుతుందా అని పిల్లలు నన్ను అడుగుతారు. చాలావాటి వల్ల ఏమీ మారలేదు, అది నిజం. మాట్లాడి, టీ తాగి, ఎవరింటికి వాళ్లు వెళ్లినవే ఎక్కువ. కానీ ఒక గల్లీలో ఒకరు ఇంకొకరి మాటను తన నోటితో చెప్పడానికి ప్రయత్నించడం నేను కళ్లారా చూశాను. అది చాలు, ఇంకో వారం స్టూడియో మెట్లెక్కడానికి.

విశ్వనాథం గారు ఇప్పుడు లేరు. పోయే ముందు నన్ను చూసి "నా కోసం పూజలూ గీజలూ అంటావేమో" అని నవ్వారు. వద్దని మాత్రం అనలేదు. నేను రోజూ దీపం పెట్టినప్పుడు ఆయన పేరు తలుచుకుంటాను. తెలిస్తే ఏమంటారో కూడా తెలుసు. ఆ దీపం ఆవిడది అంటారు.

పోయిన వారం గుడికి వెళ్తూ ఆ గల్లీలోంచి నడిచాను. ఒకాయన, వెంట కూతురు, రెండు బోర్డుల మధ్య నిలబడి ఉన్నారు. కాళ్ల దగ్గర బ్యాగులు, బియ్యం మూట. ఆయన నన్ను చూసి అడిగాడు.

"అమ్మా, ఈడి మనిషి లెక్కనే ఉన్నరు. గీ రెండిట్ల ఏది మంచిదమ్మా?"

ఎనిమిది అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"అమ్మాయి ఏది అంటోందండీ?"

"అది అటు సైడుది అంటది. లేట్‌ది."

"ఎందుకంటోందో మీరు చెప్పి చూడండి. అమ్మాయి 'అదే' అనాలి."

ఆయన నా వైపు వింతగా చూశాడు. పెద్దావిడ చెప్పిందని కాబోలు, కూతురి వైపు తిరిగాడు. "సోపతులతోని తిరగొచ్చని. గంతే కదా?"

"కాదు నాయినా."

గుళ్లో హారతికి గంట మొదలైంది. నేను కదిలాను. పది అడుగులు వేశానో లేదో, వెనక నుంచి ఆ తండ్రి గొంతు వినిపించింది. విసుగ్గా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"మరేంది బిడ్డా? చెప్పు."